కంటి మాత్రల సీసా, అత్తయ్య కంచం

అమెరికా నుంచి ఎవరైనా వస్తున్నారంటే సూట్‌కేసులో ఏముంటాయో మనకి ముందే తెలుసు. చాక్లెట్లు, బాదంపప్పు, మోకాళ్ళకి రాసుకునే క్రీము, పెద్దవాళ్ళ కోసం విటమిన్ల సీసాలు. కొన్నేళ్ళుగా ఆ సీసాల్లో కంటి బొమ్మ ఉన్నది ఒకటి తప్పకుండా ఉంటోంది. అమెరికాలో పిల్లలు లేనివాళ్ళకీ ఇబ్బందేం లేదు, ఆ పేరుతోనే వీధి చివరి మందుల షాపులో అట్టలు దొరుకుతాయి. "కంటి నరాలకి బలం, రోజుకొకటి వేసుకోండి" అని చెప్పి మరీ ఇస్తారు.

నేను ఆ మాత్రలకి వ్యతిరేకిని కాను. ఒక జబ్బుకి, ఆ జబ్బులోనూ ఒక దశలో, అవి పనిచేస్తాయని గట్టి రుజువుంది. నా గొడవల్లా ఒకటే. ఆ జబ్బు లేనివాళ్ళు వాటిని వేసుకుంటూ, నిజంగా ఉన్న జబ్బుకి డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా వేస్తున్నారు. వాళ్ళకి మాత్రలు కొనిచ్చే మనం, వాళ్ళ కంచంలో ఏముందో చూడటం మానేశాం.

మా మేనత్త తెనాలి పక్క పల్లెలో ఉంటుంది. డెబ్భై దాటింది, షుగరు ఎప్పటినుంచో ఉంది. కొడుకు డల్లాస్‌లో. వాడు పంపే సీసాలు దేవుడి గూట్లో పెట్టుకుని, పొద్దున కాఫీ తర్వాత ఒకటి, రాత్రి ఫలహారం తర్వాత ఒకటి తప్పకుండా వేసుకునేది. టీవీలో అక్షరాలు అలుక్కుపోతున్నాయనీ, సూదిలోకి దారం ఎక్కడం లేదనీ ఫోన్లో అంటూనే ఉండేది. ఒకసారి చూపించుకుందాం రా అత్తయ్యా అంటే, "వాడు పంపిన కంటి మాత్రలు వేసుకుంటున్నా కదే, ఇంక డాక్టరెందుకు, దండగ" అని కొట్టిపారేసేది. చివరికి బలవంతాన తీసుకెళ్ళి చూపిస్తే తేలింది ఇది: రెండు కళ్ళలోనూ శుక్లాలు. కంట్లో చుక్కలు వేసి లోపల చూస్తే, కంటి వెనక ఉండే తెర రెటీనా మీద షుగరు వల్ల వచ్చిన చిన్న చిన్న రక్తపు మచ్చలు. ఆ సీసా ఈ రెండిట్లో దేనికీ కాదు.

మరి దేనికి? సీసా మీద ఏఆర్‌ఈడీఎస్ 2 అని రాసి ఉంటుంది. అది కంపెనీ పేరు కాదు, ఒక పరిశోధన పేరు. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ చేయించిన రెండు పెద్ద అధ్యయనాల్లో మొదటిదాని ఫలితాలు 2001లో, రెండోదానివి 2013లో వచ్చాయి. మాత్రలు పనిచేస్తాయని తేలింది వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో. రెటీనా నడిమధ్యలో, చదవడానికీ మనుషుల ముఖాలు గుర్తుపట్టడానికీ పనికొచ్చే చిన్న భాగం మాక్యులా. అది దెబ్బతింటే చుట్టుపక్కలంతా కనబడుతుంది కానీ చూడాలనుకున్నదే కనబడదు. బస్సు వస్తోందని తెలుస్తుంది, బోర్డు చదవలేరు.

మొదటి అధ్యయనంలో ఇచ్చినవి రోజుకి విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, బీటా కెరోటిన్ 15 మిల్లీగ్రాములు, జింక్ 80 మిల్లీగ్రాములు, దానికి తోడు కాస్త రాగి. ఇందులో జింకూ విటమిన్ ఇ రోజువారీ భోజనంలోంచి వచ్చే మోతాదులు కావు, ఇది మందు కిందే లెక్క. జబ్బు మధ్య దశకి వచ్చినవాళ్ళనీ, ఒక కన్ను అప్పటికే బాగా పోయినవాళ్ళనీ ఐదేళ్ళ పాటు చూశారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి 28 మందికి జబ్బు ముదిరింది. అసలు మాత్ర వేసుకున్నవాళ్ళలో 20 మందికి ముదిరింది. నూటికి ఎనిమిది మంది బయటపడ్డారు. తక్కువేం కాదు, ఆ దశలో ఉంటే నేనూ వేసుకుంటాను. కానీ జబ్బు లేనివాళ్ళకీ, తొలి దశలో ఉన్నవాళ్ళకీ ఈ మేలు కనబడలేదు. పోయిన చూపు వెనక్కి రాలేదు. శుక్లాల విషయంలో ఏ తేడా లేదు.

ఇందులో బీటా కెరోటిన్‌ది వేరే కథ. క్యారెట్‌లో ఉండేదే కదా, ఏం చేస్తుందిలే అనుకుంటాం. 1994లో ఫిన్లాండ్‌లో సిగరెట్లు తాగే మగవాళ్ళకి దాన్ని మాత్రగా ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. అందుకే రెండో అధ్యయనంలో దాని బదులు ఆకుకూరల్లో ఉండే ల్యూటిన్ 10, జియాజాంతిన్ 2 మిల్లీగ్రాములు పెట్టి చూశారు, ఇప్పుడు డాక్టర్లు రాసేది ఈ రెండో రకమే. చేపనూనె కూడా కలిపి చూశారు, దానివల్ల ఒరిగిందేం లేదు. క్యారెట్ కూర తింటే ప్రమాదం లేదు, ఆ భయం వద్దు. మాత్రల రూపంలో, అంత మోతాదులో, పొగతాగేవాళ్ళ విషయంలో వచ్చిన చిక్కు ఇది. ఇంట్లో సిగరెట్టు, చుట్ట, బీడీ తాగేవాళ్ళుంటే, మానేసినవాళ్ళైనా సరే, మాత్రల అట్ట వెనక ఆ పేరుందేమో భూతద్దం పెట్టయినా చదవండి.

అసలు తిండికీ కంటికీ ఇంత గట్టి ముడి మన బుర్రల్లో ఎలా పడింది? ఊరికే పడలేదు. ఒకప్పుడు అది అక్షరాలా నిజం. విటమిన్ ఎ లోపంతో పిల్లలకి రేచీకటి వచ్చేది, తెల్లగుడ్డు మీద సబ్బు నురగలాంటి మచ్చలు వచ్చేవి, చివరికి నల్లగుడ్డు మెత్తబడి కరిగి పూర్తిగా చూపు పోయేది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ దీని మీద చేసిన పనిని ఆధారం చేసుకునే 1970లో దేశంలో ఐదేళ్ళలోపు పిల్లలకి ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ చుక్కలు వేసే కార్యక్రమం మొదలైంది. అప్పటి పిల్లలే ఇప్పటి తాతలూ అమ్మమ్మలూ. కూర తింటే కన్ను బాగుపడటం వాళ్ళు కళ్ళారా చూశారు. దానికి తోడు రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు తమ పైలట్లు క్యారెట్లు తిని చీకట్లో జర్మన్ విమానాలు కూలుస్తున్నారని ప్రచారం చేసుకున్నారు. అసలు సంగతి రాడార్. రాడార్ గుట్టు దాచడానికి క్యారెట్‌ని ముందుకి తోశారు, ఆ క్యారెట్ ఇంకా మన వాట్సాప్‌లో తిరుగుతోంది.

అరవై దాటిన మనిషి "సందె పడితే కళ్ళు కనబడటం లేదు" అంటే మాత్రం, మన ఊళ్ళల్లో చాలాసార్లు అది శుక్లం. కొన్నిసార్లు నీటికాసులు, అంటే గ్లకోమా. చిన్నప్పటి రేచీకటి అనుకుని క్యారెట్ రసం పట్టిస్తే నెలలు గడుస్తాయి తప్ప చూపు రాదు.

శుక్లాన్ని తిండితోనో మాత్రతోనో ఆపగలమా అని మన పక్కనే ప్రయత్నించి చూశారు. మదురై చుట్టుపక్కల పల్లెల్లో బీటా కెరోటిన్, సి, ఇ విటమిన్లు ఐదేళ్ళ పాటు ఇచ్చారు. శుక్లాలు పెరిగే వేగంలో తేడా రాలేదని 2006లో ప్రకటించారు. కరిగించే చుక్కలని చెప్పి అమ్మేవాటి మాట అసలు వద్దు. తేనె, ఆముదం, ఎవరివో చనుబాలు కంట్లో వేసుకోవడం ఇంకా ప్రమాదం, నల్లగుడ్డుకి ఇన్‌ఫెక్షన్ వస్తే ఉన్న చూపూ పోతుంది. నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, పెట్టుకోండి, అంతవరకే. శుక్లానికి మందు ఆపరేషన్. "పొర బాగా ముదరనీ, అప్పుడు తీయించుకుందాం" అనే మాట పాతకాలం ఆపరేషన్ల నాటిది. ఇప్పుడు ముదిరేదాకా ఆగితే డాక్టరుకీ కష్టం, పైగా ఆ పొర వెనక రెటీనా ఎలా ఉందో ఎవరికీ కనబడదు.

ఇక షుగరు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్లకి పైమాటే. షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం మొదలైనప్పుడు నొప్పి ఉండదు, మసక ఉండదు, ఏమీ తెలియదు. తెలిసే వేళకి చాలా జరిగిపోయి ఉంటుంది. కాబట్టి కంటికి మంచి తిండి ఏదని షుగరున్న తెలుగువాళ్ళెవరైనా అడిగితే నేను ల్యూటిన్ పేరెత్తను. అన్నం ఎంత పెట్టుకుంటున్నారని అడుగుతాను. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం కంచం నిండా అన్నం, రాత్రికి "అన్నం మానేశానండీ" అని నాలుగు దోసెలు. మధ్యలో కళ్ళకి మంచిదని గ్లాసుడు క్యారెట్, బీట్‌రూట్, యాపిల్ రసం, అందులో ఓ చెంచా తేనె. పీచంతా వడకట్టి పారేసి తీపి తాగితే కంటికి జరిగేది కీడు.

ఉప్పు సంగతి ఇంకా ఎవరూ తలుచుకోరు. 1998లో బ్రిటన్‌లో ముగిసిన యూకేపీడీఎస్ అధ్యయనం చూడండి. షుగరుతో పాటు బీపీ ఉన్నవాళ్ళలో బీపీని గట్టిగా అదుపు చేస్తే రెటీనా జబ్బు ముదరడం మూడో వంతు తగ్గింది. మన దగ్గర బీపీ పెంచేవాటిలో ఊరగాయ పచ్చళ్ళూ అప్పడాలూ చల్లమిరపకాయలూ ముందుంటాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల మనిషిని ఆవకాయ మానెయ్యమనే ధైర్యం నాకు లేదు. ముద్ద ముద్దకీ కాకుండా మొదటి ముద్దకి పెట్టుకుంటే చాలంటాను. ఈ సలహాని ఏ సీసా మీదా రాయరు, ఎందుకంటే ఇందులో అమ్మడానికి ఏమీ లేదు.

మళ్ళీ మాక్యులాకి వద్దాం, ఎందుకంటే తిండి మాట నిజంగా చెల్లేది అక్కడే. మాక్యులాకి ఒక పసుపు రంగు ఉంటుంది. ఆ రంగు ల్యూటిన్, జియాజాంతిన్‌లదే. కంట్లో పడే నీలికాంతిని కొంత అది అడ్డుకుంటుంది. మన ఒంట్లో ఇవి తయారు కావు, తిండిలోంచి రావలసిందే. పాలకూర లాంటి ఆకుకూరలు బాగా తినేవాళ్ళకి ఈ జబ్బు తక్కువగా ఉందని 1994లోనే అమెరికాలో గమనించారు. అలాంటివాళ్ళు పొగ తాగకపోవడం, నడవడం లాంటి మంచి అలవాట్లున్నవాళ్ళు కూడా కావచ్చు, మేలంతా ఆకుదే అనలేం. కానీ 2013 నాటి అధ్యయనంలో నాకు బాగా పట్టిన అంకె ఒకటుంది. ల్యూటిన్ మాత్రల వల్ల మొత్తం మీద వచ్చిన తేడా పెద్దగా లేదు. ల్యూటిన్ ఉన్న తిండి అందరికన్నా తక్కువ తినే ఐదో వంతు మందిని విడిగా చూస్తే మాత్రం జబ్బు ముదరడం 26 శాతం తగ్గింది. కూర తినని లోటుని మాత్ర పూడ్చిందని నేను దీన్ని అర్థం చేసుకుంటాను.

ఆ మాత్రలోని ల్యూటిన్ ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? బంతిపూల నుంచి. మనం దసరాకి గుమ్మానికి కట్టే ఆ పూలనే ఎండబెట్టి, సారం తీసి, శుద్ధి చేస్తారు. మన దేశం నుంచి కూడా ఆ సారం ఎగుమతి అవుతుంది. కోళ్ళ మేతలో కూడా కలుపుతారు, గుడ్డు సొన పచ్చగా రావడానికి. ఆ పచ్చదనం ఊరికే పోదు. గుడ్డులో ల్యూటిన్ ఉండేది కొంచెమే అయినా, సొనలో కొవ్వు ఉంది కాబట్టి ఒంటికి బాగా పడుతుంది. ఆకుకూరలో లెక్క వేరు. ఒక కప్పు ఉడికిన పాలకూరలో ల్యూటిన్, జియాజాంతిన్ కలిపి 20 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి, మాత్రలో ఉన్నది 12. తోటకూర, మునగాకు, బచ్చలి, మన పెద్దవాళ్ళు కళ్ళకి చలవ అని చెప్పే పొన్నగంటి కూర, ఇవన్నీ ముదురాకుపచ్చ జాతే. ఉడకాలి, నూనె తగలాలి, అప్పుడే ఒంటికి పడుతుంది. తాలింపు పెట్టిన తోటకూర పప్పుకి ఆ రెండూ ఉన్నాయి. అన్నంలో వేసుకునే చెంచా నెయ్యికి కూడా ఈ విషయంలో నేను వకాల్తా పుచ్చుకుంటాను.

మరి మా అత్తయ్య ఏం తింటోంది? పెరట్లో మునగచెట్టుంది. దడి పక్కన బచ్చలి పాకి ఉంది. అయినా ఆవిడ మధ్యాహ్నం కంచంలో నేను చూసింది మెత్తగా వండిన అన్నం, నిమ్మకాయ పచ్చడి, మజ్జిగ. ఎందుకని అడిగితే, "ఒక్కదానికి ఏం వండుకుంటానే" అంది. తర్వాత అసలు సంగతి బయటపడింది. పై పళ్ళు సగం లేవు. తోటకూర కాడ పీచు నమలలేదు, ఉన్న పళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది. కట్టుడు పళ్ళు కట్టించుకోమంటే ఖర్చంటుంది. గుడ్డు మావయ్య పోయినప్పటినుంచి మానేసింది. ఇది మా ఒక్క ఇంటి కథ కాదని మీకూ తెలుసు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన కూర తినే అలవాటున్న ఆడవాళ్ళు, ఒంటరిగా మిగిలాక ఆ గిన్నె కూడా పొయ్యిమీద పెట్టరు. వాళ్ళకి డాలర్లలో కొన్న ల్యూటిన్ చేరుతోంది, దడిమీది బచ్చలి చేరడం లేదు.

దీనికి నేను చెప్పే మందు చాలా మామూలుది. ముదురు కాడలు తీసేసి, ఆకు సన్నగా తరిగి, పప్పుతో పాటు కుక్కర్లో వేసి, పప్పుగుత్తితో మెత్తగా ఎనపాలి. పళ్ళు లేనివాళ్ళూ తింటారు. మునగాకు నీడలో ఆరబెట్టి, ఎండుమిరపకాయలు తక్కువ, మినప్పప్పు ఎక్కువ వేసి పొడి కొట్టి పెడితే ఒంటరిగా ఉన్నవాళ్ళకి వంట బాధ ఉండదు. వారానికి మూడు నాలుగు రోజులు ఆకు కంచంలో పడితే చాలు. అయితే ఒకటి, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతున్నవాళ్ళు ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచినా మానేసినా మందు మోతాదు తప్పుతుంది, డాక్టరుకి చెప్పి చేయండి. కిడ్నీ జబ్బుకి పొటాషియం తగ్గించమన్నవాళ్ళకీ అదే మాట. పళ్ళ డాక్టరుకి పెట్టే ఖర్చుని కంటి ఖర్చు కిందే రాసుకోమని డల్లాస్ బావకి చెప్పాను. నవ్వాడు కానీ డబ్బు పంపాడు.

మగవాళ్ళ విషయంలో కంచం కన్నా చుట్ట ముందు. 1990ల చివర ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించింది. చుట్టలు బాగా కాల్చినవాళ్ళలో మాక్యులా జబ్బు ఎక్కువగా కనబడింది. శ్రీకాకుళం, విశాఖ వైపు చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే ఆడవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. పొగ మానకుండా ఎన్ని ఆకుకూరలు తిన్నా లెక్క సరిపోదు.

అదే సర్వేలో హైదరాబాద్ భాగం ఫలితం చదివినప్పుడు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. ఎక్కువగా కనబడే రకం నీటికాసులు ఉన్నవాళ్ళలో పదింట తొమ్మిది మందికి ఆ జబ్బు ఉన్నట్టు ఆ రోజువరకూ తెలియదు. పల్లెల్లో కాదు, నగరంలో. నీటికాసుల్లో చూపు పక్కలనుంచి పోతుంది, పోయింది రాదు, జీవితాంతం చుక్కలు వేసుకుంటే మిగిలింది మిగులుతుంది. దీన్ని ఆపే కూరా లేదు, మాత్రా లేదు. 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రలో కంటి వెలుగు పేరుతో ఊరూరా శిబిరాలు పెట్టి కళ్ళజోళ్ళు పంచారు. మంచి పనే, చత్వారంతో పేపరు చదవలేని ఎందరికో అక్షరాలు కనబడ్డాయి. కానీ జోడు వచ్చింది కదా అని కన్ను చూపించుకోవడం అయిపోయిందనుకోవద్దు. పాపని పెద్దది చేసే చుక్కలు వేసి రెటీనా చూడటం, కంటి ఒత్తిడి కొలవడం వేరే పరీక్షలు. షుగరున్నవాళ్ళకి ఏడాదికోసారి, మిగతావాళ్ళకి నలభై దాటినప్పటినుంచి డాక్టరు చెప్పిన వ్యవధిలో.

ఇంట్లోనే చేసుకోగలిగేది ఒకటుంది. కిటికీ ఊచల ముందు కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టుకోమని, ఒక కన్ను అరచేత్తో మూసి రెండో కంటితో మధ్య ఊచని చూడమనండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్ళూ తెరిచి ఉంటే బాగున్న కన్ను దెబ్బతిన్నదాన్ని కప్పేస్తుంది, అందుకే ఒక్కొక్కటి. ఊచ వంకరగా కనబడినా, మధ్యలో తెగినట్టో మసగ్గానో ఉన్నా ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మాక్యులా జబ్బులో రక్తనాళాలు కారే రకం ఉంది, దానికి కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి, ఎంత త్వరగా వెళితే అంత చూపు నిలుస్తుంది. అక్కడ డాక్టరు "మధ్య దశ" అంటే అప్పుడు ఏఆర్‌ఈడీఎస్ 2 మాత్ర ఏది, ఎంత అని అడగండి. మన షాపుల్లో అదే పేరు వాడుకునే కొన్ని అట్టల మీద జింక్, విటమిన్ ఇ మోతాదులు అసలు అధ్యయనంలో వాడినదానికి దరిదాపుల్లో ఉండవు, చీటీతో పోల్చి చూసుకునే కొనండి.

పరీక్షకి వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళని ఒంటరిగా పంపకండి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరివి కనబడవు, ఎండ అసలు చూడలేరు. నల్లకళ్ళజోడు తీసుకెళ్ళండి, స్కూటరు ఇంట్లో పెట్టి ఆటోలో వెళ్ళండి, వాడుతున్న షుగరు, బీపీ మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకి చూపించండి. కంటి మాత్రల సీసా కూడా.